టీకా వికటిస్తే కేసు ఎవరి మీద?

పత్తికొండ దగ్గర ఒక పల్లె నుంచి బిడ్డకు టీకా వేయించడానికి బైకు మీద పోతుంటే దారిలో లారీ గుద్దిందనుకుందాం. మోటారు వాహనాల చట్టంలో 164వ సెక్షన్ ఉంది. డ్రైవరు తప్పు చేశాడా లేదా అన్న వాదనే లేకుండా మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగొచ్చు. అదే బిడ్డ క్షేమంగా చేరి, టీకా వేయించుకుని, ఎవరి తప్పూ లేకుండా ఆ టీకా వల్లే మంచాన పడితే? దానికి పార్లమెంటు చేసిన అలాంటి సెక్షన్ ఒక్కటీ లేదు. తప్పు ఎవరిదో చూపించమంటుంది కోర్టు. ఎవరి తప్పూ లేదని తేలితే డబ్బు కట్టాల్సిన మనిషీ ఉండడు.

ముందు ఈ తిరకాసు అర్థం కావాలి. 'టీకా వల్లే జరిగింది' అని నిరూపిస్తే కేసు గెలిచినట్టే అని చాలామంది అనుకుంటారు. అది సగం పనే. ఒక్కోసారి ఆ నిరూపణే కేసును నీరుగారుస్తుంది కూడా. ఎలాగో చూడాలంటే ఆరోగ్యశాఖ ఈ వ్యవహారాన్ని ఏ గంపలో వేస్తుందో తెలియాలి.

టీకా తర్వాత వచ్చే ఏ అనారోగ్యాన్నైనా ఆ శాఖ ఏఈఎఫ్‌ఐ అంటుంది. 'తర్వాత వచ్చింది' అనే తప్ప 'వల్ల వచ్చింది' అని ఆ మాటకు అర్థం కాదు. ఆరు వారాలు, పది వారాలు, పద్నాలుగు వారాలు, తొమ్మిది నెలలు: పిల్లలకు టీకాలు వేసే వయసూ, పుట్టుకతో ఉన్న జబ్బులు బయటపడే వయసూ ఒకటే. కాకి వాలిన క్షణంలోనే తాటిపండు రాలితే పాపం కాకి మీదికి పోతుంది. కాకతాళీయమనే మాట పుట్టింది అందుకే. అయితే ప్రతిసారీ కాకి అమాయకురాలనడం కూడా కుదరదు. అది తేల్చడానికే జిల్లా, రాష్ట్ర, జాతీయ స్థాయుల్లో కమిటీలు ఉన్నాయి. మరణం, ఆస్పత్రిలో చేరాల్సి రావడం, వైకల్యం, ఒకేచోట చాలామందికి జబ్బు చేయడం లాంటివి జరిగితే మెడికల్ ఆఫీసరు 24 గంటల్లో జిల్లా ఇమ్యునైజేషన్ అధికారికి రిపోర్టు పంపాలి. ఆ తర్వాత విచారణ, నిపుణుల సమీక్ష జరిగి కేసుకు ఒక అక్షరం పడుతుంది.

బాధిత కుటుంబం భవిష్యత్తు ఆ అక్షరం మీదే ఆధారపడి ఉంటుంది. ఏ-1 అంటే టీకా సహజ గుణం వల్లే హాని. ఏ-2 అంటే తయారీలో నాణ్యత లోపం. ఏ-3 అంటే టీకా నిల్వలో, కలపడంలో, వేయడంలో మనుషులు చేసిన పొరపాటు. ఏ-4 అంటే సూది భయంతో కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి. 'బి' అంటే కాలం కుదిరినా కారణం తేల్చలేమని. 'సి' కాకతాళీయం. 'డి' అంటే తేల్చడానికి సమాచారమే లేదని. వైద్యం దృష్టిలో 'టీకా వల్లే' అని అన్నిటికన్నా సూటిగా చెప్పేది ఏ-1. కోర్టులో అన్నిటికన్నా బలహీనమైనదీ అదే. మందు సరైనది, వేసిన పద్ధతి సరైనది, హెచ్చరిక ముందే రాసి ఉంది. ఇక నిర్లక్ష్యం ఎక్కడిది? ఏ-2 వస్తే కంపెనీ మీదికి పోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో లోపమున్న వస్తువు వల్ల జరిగిన హానికి తయారీదారు బాధ్యత అనే అధ్యాయమే ఉంది. ఏ-3 వస్తే సిబ్బందిని పెట్టుకున్న ఆస్పత్రి లేదా ప్రభుత్వం జవాబు చెప్పాలి.

ఏ-1 కు పోలియో చుక్కల కన్నా మంచి ఉదాహరణ లేదు. చుక్కల మందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న వైరస్. లక్షల డోసుల్లో ఎక్కడో ఒకచోట అది మళ్లీ బలం పుంజుకుని, చుక్కలు వేసుకున్న బిడ్డకే పక్షవాతం తెస్తుంది. ఇది దాచిన సంగతి కాదు, వైద్య పుస్తకాల్లో ఉన్నదే. 2015 నవంబర్ నుంచి పోలియో ఇంజెక్షన్‌ను కూడా చేర్చడానికి, 2016 ఏప్రిల్‌లో చుక్కల మందులోంచి రెండో రకం వైరస్‌ను తీసేయడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. దేశంలో చివరి సహజ పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. కోట్ల పిల్లల కాళ్లు నిలబెట్టిన మందుకు మూల్యం ఎవరో ఒకరి బిడ్డ చెల్లించినప్పుడు, ఆ బిల్లు ఆ ఇంటివాళ్లే కట్టుకోవాలనడం న్యాయం కాదు. కానీ నేటి చట్టం లెక్క అదే.

ఏ-3 కథలు వేరు. అవి అర్థం కావాలంటే బుధవారమో శనివారమో ఏ అంగన్‌వాడీ వరండాలోనైనా కాసేపు నిలబడితే చాలు. ఏఎన్‌ఎం తెచ్చిన టీకా క్యారియరు, లోపల ఐస్‌ప్యాకులు, పక్కన రిజిస్టరు. తట్టు టీకా పొడిగా వస్తుంది, దానితోపాటే వచ్చే ద్రావణంతో కలపాలి. కలిపిన టైము సీసా మీద రాయాలి. నాలుగు గంటలు దాటితే ఎన్ని డోసులు మిగిలినా పారేయాలి. ఎందుకంటే ఆ సీసాలో క్రిములు పెరిగితే వచ్చేది మామూలు జ్వరం కాదు, గంటల్లో ప్రాణం తీసే విషం. సీసా మీద చిన్న గుండ్రం, దాని మధ్యలో చతురస్రం ఉంటాయి. చతురస్రం రంగు గుండ్రం కన్నా లేతగా ఉంటే మందు వేడికి పాడవలేదని అర్థం. అనంతపురం మే నెల ఎండలో ఈ చతురస్రాన్ని ఎవరు ఎంత జాగ్రత్తగా చూస్తున్నారన్నది చిన్న ప్రశ్న కాదు. టీకా వేశాక అరగంట కూర్చోబెట్టాలన్నదీ నియమమే, ప్రాణాంతక ఎలర్జీ వస్తే సాధారణంగా ఆ అరగంటలోనే బయటపడుతుంది కాబట్టి. కూలికి టైమైపోతోందని తల్లి, ఇంకో ఊరు పోవాలని ఏఎన్‌ఎం లేచిపోయే అరగంట అదే.

2022 జనవరిలో పక్క రాష్ట్రం కర్ణాటకలోని బెళగావి జిల్లాలో టీకా తర్వాత ముగ్గురు పసిపిల్లలు చనిపోతే, ప్రాథమిక విచారణ వేలు చూపింది సీసాల నిల్వలో జరిగిన తప్పు మీదికే. 2019 మార్చిలో హైదరాబాద్‌లోని ఒక పట్టణ ఆరోగ్య కేంద్రంలో అసలు టీకాలో ఏ లోపమూ లేదు. తర్వాత జ్వరానికని ఇవ్వాల్సిన పారాసిటమాల్‌కు బదులు ట్రమడాల్ అనే నొప్పి మాత్రలు పంచారు. పసిపిల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఇలాంటి చోట 'టీకా వల్ల' అని కేసు రాసుకుంటే ఓడిపోతారు, 'సిబ్బంది తప్పు వల్ల' అని రాసుకుంటే నిలబడుతుంది. దావా కాగితంలో ఒక్క పదం తేడా.

ఈ అక్షరాలన్నిటిలో కుటుంబానికి అసలు దెబ్బ 'డి'. సమాచారం లేదని ఫైలు మూసేస్తారు. సమాచారం ఎందుకుండదంటే, మొదటి మూడు రోజుల్లో దాన్ని ఎవరూ పోగు చేయరు కాబట్టి. బిడ్డ చనిపోతే పోస్ట్‌మార్టం 72 గంటల్లోపే జరగాలి. రాయలసీమ పల్లెల్లో, పల్లెల్లోనే ఎందుకు పట్నాల్లోనూ, పసిబిడ్డను కోయించడానికి ఏ తల్లి ఒప్పుకుంటుంది? "పోయిన బిడ్డ ఎట్లాగూ రాదు, మళ్లీ కోసి ఏం సాధిస్తారు?" అని పెద్దవాళ్లు అడ్డుపడతారు. సాయంత్రంలోగా పూడ్చేస్తారు. ఆ దుఃఖాన్ని తప్పుపట్టడానికి ఎవరికీ నోరు రాదు. కానీ ఏడాది తర్వాత లాయరు దగ్గర కూర్చున్నప్పుడు, మరణానికి కారణమేమిటో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు. పోస్ట్‌మార్టం వద్దని కుటుంబం రాసిచ్చిన సంతకం మాత్రం ఫైల్లో భద్రంగా ఉంటుంది.

లేకుండా పోయే రెండో సమాచారం బ్యాచ్ నంబరు. టీకాల కార్డు తిరగేస్తే చాలాసార్లు తేదీ ఒక్కటే కనిపిస్తుంది. నంబరు ఏఎన్‌ఎం రిజిస్టరులో ఉంటుంది. కోవిడ్ టీకా అయితే కోవిన్ సర్టిఫికెట్‌లో ఉంటుంది. అది తెలియకపోతే అదే బ్యాచ్ ఇంకెక్కడ వాడారు, అక్కడెవరికైనా జబ్బు చేసిందా అని అడగడానికే వీలుండదు. ఒకే బ్యాచ్, చాలా ఊళ్లు అయితే మందు మీద అనుమానం. ఒకే రోజు, ఒకే కేంద్రం అయితే వేసిన తీరు మీద అనుమానం. సమాచార హక్కు చట్టం కింద రిజిస్టరు నకలు, కోల్డ్‌చైన్ (టీకాలను చల్లగా ఉంచే ఏర్పాటు) ఉష్ణోగ్రతల రికార్డు, తమ కేసుకు కమిటీ ఇచ్చిన అక్షరం అడగొచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఊరి స్థాయి కార్యాలయానికి ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీ కన్నా ఈ పది రూపాయల కాగితానికే విలువ ఎక్కువ. అర్జీకి జవాబు 'సంబంధిత శాఖకు పంపాము' అని వస్తుంది, దీనికి 30 రోజుల్లో ఏదో ఒక కాగితం రావాలి.

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల వాళ్లకు ఇంకో ప్రత్యేక చిక్కుంది. జబ్బు ముదిరితే కర్నూలు పెద్దాసుపత్రికి, అక్కడా కాదంటే హైదరాబాద్‌కు. అనంతపురం వాళ్లయితే నేరుగా బెంగళూరుకు. కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో. టీకా వేసింది ఒక జిల్లాలో, ప్రాణం నిలబెట్టడానికి పోరాడింది ఇంకో రాష్ట్రంలో. ఇవతలి ఆఫీసుకు అవతలి ఆస్పత్రి ఫైలు అందదు, అవతలి డాక్టరు ఏఈఎఫ్‌ఐ రిపోర్టు తన పని అనుకోడు. కుటుంబమే వారధి కావాలి. రోగి రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని వైద్యుల నియమావళి 2002 నుంచే చెబుతోంది, డిశ్చార్జి రోజునే రాతపూర్వకంగా అడగడం మంచిది. దీనికితోడు 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి. 2021లో హిందూపురంలో టీకా వేయించుకున్న మనిషి అప్పుడు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. డోన్ మనిషి అప్పుడు కర్నూలు, ఇప్పుడు నంద్యాల. పాత ఫైలు 'ఆ జిల్లాలో ఉంది' అని ఈ జిల్లా, 'మీకే పంపేశాం' అని ఆ జిల్లా చెప్పే అవకాశం ఎంతుందో ఆఫీసుల చుట్టూ తిరిగిన వాళ్లకు చెప్పనక్కర్లేదు. దరఖాస్తు రెండు చోట్లా పెట్టడమే నయం.

ఇక కేసు ఎక్కడ వేయాలి? ఇక్కడ 780 రూపాయల సంగతి చెప్పుకోవాలి. 2021 జూన్‌లో కేంద్రం ప్రైవేటు ఆస్పత్రుల్లో కోవిషీల్డ్‌కు పెట్టిన గరిష్ట ధర అది. కోవాగ్జిన్‌కు 1,410. ఆ డబ్బు కట్టి వేయించుకున్న మనిషి చట్టం దృష్టిలో వినియోగదారుడు. అదే సీసా, అదే మందు పీహెచ్‌సీలో ఉచితంగా వేయించుకున్న మనిషి కాడు. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ఆస్పత్రి సేవ వినియోగదారుల చట్టం కిందికి రాదని 1995లో ఐఎంఏ (వైద్యుల సంఘం) కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆస్పత్రి మాత్రం వస్తుంది. డబ్బు కట్టిన వాళ్లకు కర్నూలు, అనంతపురం, కడపల్లోని జిల్లా వినియోగదారుల కమిషన్లే దగ్గరి దారి. ఆస్పత్రి బెంగళూరులో ఉన్నా ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోటే కేసు వేయొచ్చు. ఫీజును ఆస్పత్రికి కట్టిన సొమ్మును బట్టి లెక్కిస్తారు, 5 లక్షల లోపు అయితే ఫీజే లేదు. గడువు రెండేళ్లు. 2021 టీకాలకు, కరోనా కాలాన్ని సుప్రీంకోర్టు లెక్కలోంచి తీసేసినా, ఆ గడువు 2024 ఫిబ్రవరితో తీరిపోయింది. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని కమిషన్ మన్నించవచ్చు. కోవిషీల్డ్ మందును రూపొందించిన ఆస్ట్రాజెనెకా, అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు రావచ్చని బ్రిటన్ కోర్టులో ఒప్పుకున్న వార్త 2024 ఏప్రిల్‌లో వచ్చాకే తెలిసిందని కొందరు వాదించవచ్చు. వినడానికి బాగున్నా అది గట్టి వాదన కాదు. ఆ జబ్బు గురించి మన కమిటీయే 2021 మే నెలలో చెప్పింది: సమీక్షించిన 498 తీవ్రమైన కేసుల్లో 26 అలాంటివని, పది లక్షల డోసులకు 0.61 చొప్పున అని.

ఉచితంగా వేయించుకున్న వాళ్లకు మిగిలేవి సివిల్ కోర్టు, హైకోర్టు. సివిల్ దావాకు ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పడుతుంది, కట్టలేని వాళ్లు ఇండిజెంట్‌గా, అంటే ఫీజు కట్టే స్తోమత లేనివాళ్లుగా అనుమతి కోరవచ్చు. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ లాయరును ఇస్తుంది, ఫోన్ నంబరు 15100. ప్రభుత్వ డాక్టరు తప్పుకు ప్రభుత్వం బాధ్యత వహించాలా అన్న ప్రశ్న 1996లోనే తేలిపోయింది. మహారాష్ట్రలో కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో కడుపులో గుడ్డ మరిచి కుట్టేసిన కేసులో, వహించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది.

హైకోర్టులో రిట్ తొందరగా తేలుతుందంటారు. తేలుతుంది, కానీ ఒక షరతు మీద. ఏం జరిగిందన్న దాని మీదే గొడవ ఉంటే రిట్‌లో సాక్షులను విచారించరు, సివిల్ కోర్టుకు పొమ్మంటారు. అందుకే మళ్లీ ఆ అక్షరం దగ్గరికే రావాలి. ఏ-3 అని ప్రభుత్వ కమిటీయే రాసి ఉంటే ఇక వివాదమేముంది? ఆ ఒక్క పేజీ చేతిలో ఉంటే జీవించే హక్కు కింద అమరావతికి పోవచ్చు. (అనంతపురం నుంచి అమరావతికి ఒక్క వాయిదాకు పోయి రావడమంటే రెండు రోజుల కూలి, బస్సు చార్జీలు. కర్నూలులో హైకోర్టు బెంచ్ కోరిక రాయలసీమలో ఊరికే పుట్టలేదు.) లేకపోతే నిపుణుడి సాక్ష్యం కావాలి. సాటి ప్రభుత్వ డాక్టరు మీద చెప్పడానికి మెడికల్ కాలేజీ ప్రొఫెసరు బోనెక్కుతాడని ఆశపడటం దండగ. నిర్లక్ష్యం కళ్లకు కట్టినట్టు ఉంటే ప్రతి కేసులోనూ నిపుణుడు అక్కర్లేదని 2010లో హైదరాబాద్ ఆస్పత్రికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు అంది. ట్రమడాల్ పంచిన కేసుకు ఆ మాట అతుకుతుంది. మెదడులో రక్తం గడ్డకట్టిన కేసుకు అతకదు.

తప్పు లేకుండా జరిగిన హానికి ప్రభుత్వం ఏమంటుందో 2022 నవంబర్‌లో బయటపడింది. కోవిషీల్డ్ తర్వాత చనిపోయిన ఇద్దరు యువతుల తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు పోతే కేంద్రం అఫిడవిట్ వేసింది. టీకా స్వచ్ఛందం, తయారు చేసింది వేరేవాళ్లు, అతి అరుదైన మరణాలకు ప్రభుత్వాన్ని నేరుగా బాధ్యురాలిని చేయడం చట్టప్రకారం నిలవదు, కావాలంటే సివిల్ కోర్టుకు పోవచ్చు అని దాని సారాంశం. అప్పటికి వేసినవి 219.86 కోట్ల డోసులు, నమోదైన తీవ్రమైన కేసులు 2,782. స్వచ్ఛందం అన్న మాట దగ్గర ఆగాలి. టీకా ఎవరి మీదా బలవంతంగా రుద్దకూడదని 2022 మే 2న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది నిజమే. కానీ 2021లో సర్టిఫికెట్ లేకుండా పనికి, ప్రయాణానికి ఎన్నిచోట్ల అడ్డు తగిలిందో జనానికి గుర్తుంది. పరిహారానికి మార్గదర్శకాలు రాయమని కేరళ హైకోర్టు 2022 సెప్టెంబర్‌లో విపత్తు నిర్వహణ సంస్థకు చెబితే, దాని మీద సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అదే సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో, టీకా మరణాలకు పరిహార విధానం ఆలోచించగలరేమో చెప్పమని కేంద్రాన్ని అడిగింది. ఆ వ్యాజ్యాల్లో వాదన అంతా కోవిడ్ టీకా గురించే. పోలియో, పెంటావలెంట్, బీసీజీ వేయించుకునే పిల్లల ఊసు వాటిలో లేదు.

'అరుదు కాబట్టి బాధ్యత లేదు' అన్న వాదన తలకిందులుగా ఉంది. అరుదు కాబట్టే ఖర్చు తక్కువ, ఇవ్వడం సులువు. అమెరికా ఈ పని 1988 నుంచి చేస్తోంది. ఒక్కో జబ్బు టీకా డోసు మీద 75 సెంట్ల పన్ను వేసి నిధి కూడబెట్టింది, తప్పు నిరూపించకుండానే ఇస్తుంది. మానవత్వంతో మొదలైందని కాదు, కేసులకు భయపడి కంపెనీలు టీకాల తయారీ మానేస్తుంటే పెట్టారు. మన దగ్గర కూడా ఈ ఆలోచన కొత్తేమీ కాదు. 2019 క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం, టీకా ప్రయోగంలో పాల్గొని దెబ్బతిన్న మనిషికి ఎవరి తప్పూ చూపకుండానే పరిహారం ఇవ్వాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ వికటించినా పరిహారానికి పథకం ఉంది. ఆర్టీసీ బస్సుకూ రైలుకూ ఉంది. ప్రయోగ దశలో సూది వేయించుకున్న వాడికి ఉన్న హక్కు, అనుమతి వచ్చాక అదే సూది వేయించుకున్న వాడికి లేకపోవడానికి కారణం ఏ అఫిడవిట్‌లోనూ సరిగా కనిపించదు.

ఈలోగా బతుకు సాగాలి. వైకల్యం సర్టిఫికెట్ వస్తే నెలకు 6,000, పూర్తిగా మంచానికే పరిమితమైతే 15,000 పింఛను రాష్ట్రం ఇస్తోంది. దానికి టీకా వల్లే అని నిరూపించనక్కర్లేదు. కేసు ఉన్నా లేకున్నా దరఖాస్తు పెట్టాలి. పింఛను తీసుకుంటే పరిహారం హక్కు పోతుందని ఊళ్లో చెప్పే మాట పట్టించుకోనక్కర్లేదు.

చివరిగా గడువు లెక్క. మరణం మీద దావాకు రెండేళ్లు. బతికున్న బిడ్డ విషయంలో చట్టం ఉదారంగానే ఉంది. మైనరుకు లిమిటేషన్ (కేసు వేసే గడువు) గడియారం 18 నిండాకే తిరగడం మొదలవుతుంది, గరిష్టంగా ఇంకో మూడేళ్లు ఉంటుంది. తొమ్మిది నెలల వయసులో దెబ్బతిన్న బిడ్డకు 21 ఏళ్ల దాకా తలుపు తెరిచే ఉండొచ్చు. కానీ ఆస్పత్రి రికార్డులు దాచాల్సింది మూడేళ్లే. ఇరవై ఏళ్ల తర్వాత ఆ యువకుడు కోర్టు మెట్లెక్కే రోజున కేసు షీటు, బ్యాచ్ నంబరు రాసిన కాగితం, అక్షరం వేసిన కమిటీ రిపోర్టు దొరికేది ఒక్కచోటే: ఇంట్లో ట్రంకు పెట్టెలో, పొలం పాసుబుక్కు పక్కన ఎవరైనా జిరాక్సు తీసి పెట్టి ఉంటే.